ఆకు మనదే, మాత్ర మన హక్కు

మన వాడల్లో నలుగురు కూర్చుంటే షుగర్ మాట రాక మానదు. ఆ వెంటే సలహాలూ వస్తాయి. పొడపత్రి నమిలితే చాలని ఒకరంటారు. నేరేడు గింజల పొడి తాగితే మాత్రలే అక్కర్లేదని ఇంకొకరంటారు. అది నమ్మి మాత్రలు మానేసి, చివరికి కాలి పుండుతో ఆసుపత్రిలో చేరినవాళ్లూ మనలో ఉన్నారు.

ఈ సలహాలను మూఢనమ్మకాలని మేం కొట్టిపారేయడం లేదు. వాటిలో నిజం ఉంది. అది ఎంతవరకో తెలుసుకోవాలి.

మాత్ర పుట్టిందీ మొక్క నుంచే

షుగర్ రోగుల్లో ఎక్కువమంది వేసుకునే మెట్‌ఫార్మిన్ మూలం యూరప్‌లో పెరిగే గలేగా అనే మొక్క. అందులోని రసాయనం రక్తంలో చక్కెరను తగ్గిస్తుంది. కానీ ఆ మొక్కను ఎక్కువగా మేసిన పశువులు చచ్చిపోయేవి. దాన్ని పోలిన, ప్రమాదం తక్కువ ఉన్న మందును 1922లో ప్రయోగశాలలో తయారుచేశారు. ఫ్రెంచి వైద్యుడు జాన్ స్టెర్న్ దాన్ని రోగులకు ఇచ్చి, 1957లో ఫలితాలు ప్రకటించాడు. ఆపిల్ చెట్టు బెరడు నుంచి 1835లో తీసిన ఫ్లోరిజిన్ కూడా అలాంటిదే. అదనపు చక్కెరను మూత్రంలో బయటికి పంపే నేటి డాపాగ్లిఫ్లోజిన్ మాత్రకు అదే దారి చూపింది.

అంటే ఆకుకూ మాత్రకూ వైరం లేదు. ఏ రసాయనం పనిచేస్తోంది, ఎంత వేసుకోవాలి, ఎంత దాటితే ప్రమాదం అన్నవి తేల్చాకే అది మాత్ర అయింది.

మన పెరటి మొక్కల మాటేమిటి?

పొడపత్రిలోని జిమ్నెమిక్ ఆమ్లాల వల్ల ఆకు నమిలాక కాసేపు నాలుకకు తీపి తెలియదు. మెంతుల్లోని జిగురు పీచు అన్నంలోని చక్కెర రక్తంలోకి చేరే వేగాన్ని తగ్గిస్తుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1980ల్లోనే మెంతులను రోగులపై పరీక్షించారు. కాకరలో చారంటిన్ ఉంది, కానీ మనుషులపై జరిగిన పరీక్షల్లో ఫలితాలు ఒకేలా రాలేదు. ఇవేవీ మాత్రకు బదులు కావు. పైగా నేలను బట్టి, కాలాన్ని బట్టి, ఎండబెట్టిన తీరును బట్టి ఆకులో మందు పాలు మారుతుంది.

షుగర్ పెరిగినా మొదట్లో నొప్పి ఉండదు. నరాలు దెబ్బతిన్నాక కాలికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు. ఉత్త కాళ్లతో నాట్లు వేసే కూలీకి, మురుగులో దిగే పారిశుద్ధ్య కార్మికుడికి ఆ పుండు కాలు తీసేసేదాకా వెళ్లొచ్చు. కాలు పోతే కూలీ పోయినట్టే.

షుగర్‌ను నయం చేస్తామనే ప్రకటనలను 1954 నాటి చట్టం నిషేధించింది. అయినా పొడుల వ్యాపారం ఆగలేదు. అలాంటి కొన్ని పొడుల్లో సీసం, గుట్టుగా కలిపిన షుగర్ మందులు బయటపడ్డాయి.

ఏం చేయాలి?

కాకర, మెంతులు కూరలో వేసుకోండి. కషాయమో పొడో తాగుతుంటే డాక్టరుకు చెప్పండి. మాత్రతో కలిసి చక్కెర మరీ పడిపోవచ్చు. చెమటలు, వణుకు వస్తే వెంటనే చక్కెర నీళ్లు తాగండి. గర్భిణులు ఈ పొడుల జోలికి పోవద్దు. ఇన్సులిన్ వాడేవాళ్లు దాన్ని సొంతంగా ఆపితే ప్రాణానికే ముప్పు. రోజూ రాత్రి పాదాలు చూసుకోండి.

30 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో షుగర్ పరీక్ష ఉచితంగా చేయాలి, మందులు ఉచితంగా ఇవ్వాలి. కానీ అక్కడ వరుసలో నిలబడితే ఒక రోజు కూలీ పోతుంది. తీరా వెళ్తే స్టాకు లేదంటారు. మనవాళ్లు పొడపత్రి వైపు మళ్లేది చాలాసార్లు అజ్ఞానంతో కాదు, ఈ లెక్కతోనే. అందుకే నెలకు సరిపడా మాత్రలు ఒకేసారి ఇవ్వాలని, కూలీకి వెళ్లొచ్చే వేళకు వాడలోనే పరీక్షలు జరపాలని గ్రామసభలో అడుగుదాం. స్టాకు లేదన్న ప్రతిసారీ తేదీ వేసి రాతపూర్వకంగా ఫిర్యాదు చేద్దాం.