కరణం చెప్పని కథలకు జీతం

ఊళ్ల చరిత్ర సేకరించమని కుర్రాళ్లకు జీతమివ్వడం మనకు కొత్తేమీ కాదు. ఏలూరు యువకుడు కావలి వెంకట బొర్రయ్య చిన్న వయసులోనే సర్వే అధికారి కాలిన్ మెకంజీ కొలువులో చేరాడు. శాసనాలు వెతికాడు, పాత లిపులు కూడబలుక్కుని చదివాడు. 1803లో, ముప్ఫై నిండకుండానే పోయాడు. సోదరులు లక్ష్మయ్య, రామస్వామి ఆ పని కొనసాగించారు. మెకంజీ బృందం పోగుచేసిన ఊళ్ల వృత్తాంతాలు, అంటే కైఫీయతులే, నేటికీ గుంటూరు, పల్నాడు పల్లెల చరిత్రకు మొదట తిరగేసే కాగితాలు.

అయితే వాటిలో ఎక్కువగా వినిపించేది కరణాల గొంతు. గుడి ఎవరు కట్టించారు, మాన్యం ఎవరికిచ్చారు, ఎవరి తర్వాత ఎవరు ఏలారు అన్నవి ఉంటాయి. కలుపు తీసిన మనిషి ఊసుండదు. ఆ మిగతా సగం ఇప్పుడైనా రాయాలి. పల్నాడులోని సత్తెనపల్లి అందుకు తగిన చోటు.

సంక్రాంతి దాటాక ఇక్కడి మిరప కళ్లాలకు వెళ్లి చూడండి. ఘాటుకు ముక్కుకు కొంగు అడ్డం కట్టుకుని, ఎర్రకాయ ఒక పక్కకీ తాలుకాయ ఇంకో పక్కకీ వేస్తూ ఆడవాళ్లు పొద్దంతా కూర్చుంటారు. చెయ్యి ఆగదు, మాటా ఆగదు. కర్నూలు పడమటి పల్లెల నుంచి సుగ్గికి, అంటే కూలి వలసకు, వచ్చిన కుటుంబాలూ అందులో ఉంటాయి. నాగార్జున సాగర్ నీళ్లు రాకముందు ఏం పండేది, ముఠా కూలి ఎలా కుదిరేది, ఊరు వదిలి వచ్చినందుకు పిల్ల చదువు ఏ తరగతిలో ఆగింది అన్నీ అక్కడే తెలుస్తాయి. కాయలు నింపిన టిక్కీ గుంటూరు మిర్చి యార్డుకు చేరాక చీటీ మీద మిగిలేవి తూకం, ధర.

ఇలాంటి నోటి మాటను పట్టుకున్నవాళ్లు లేకపోలేదు. అలిశెట్టి గాలెయ్య పాడిన పల్నాటి వీరుల కథను రికార్డు చేసి, 1982లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురణగా తెచ్చింది అమెరికా పరిశోధకుడు జీన్ రోగెయిర్. ఆయనకు మనం రుణపడి ఉన్నాం. ఆ పల్నాడులోనే, కారంపూడి పక్కన పుట్టిన పిల్ల ఆ పని ఎందుకు చేయలేకపోయింది? ఆసక్తి లేక కాదు, ఆసరా లేక అని నా నమ్మకం. డిగ్రీ అయిన పిల్లలు గ్రూప్స్ కోచింగుకని హైదరాబాద్ బస్సెక్కుతారు. ఊళ్లో ఉండి ముసలమ్మల మాటలు రాసుకుంటానంటే ఏ ఇంట్లో ఒప్పుకుంటారు?

ఆసరా అసలే లేదనీ కాదు. కేంద్ర సాంస్కృతిక శాఖ జూనియర్ ఫెలోషిప్ కింద 25 నుంచి 40 ఏళ్ల వారికి నెలకు 10,000 రూపాయల చొప్పున రెండేళ్లు ఇస్తారు. ఈ ధరల్లో అది చాలదు, పెంచి తీరాలి. పి. సాయినాథ్ 2014లో ప్రారంభించిన గ్రామీణ భారత ఆన్‌లైన్ భాండాగారం ‘పరి’ దేశాన్ని 95 ప్రాంతాలుగా చూసి, ఒక్కో చోట ఒక్కో ఫెలో ఉండాలని తలపెట్టింది. ఈ అవకాశాల కబురు సత్తెనపల్లి కాలేజీ నోటీసు బోర్డు దాకా రావాలి. గ్రంథాలయోద్యమంలో పనిచేసిన వావిలాల గోపాలకృష్ణయ్య పుట్టిన ఊరిది. దరఖాస్తు రాయడంలో చెయ్యందించడానికీ, రికార్డింగులు దాచడానికీ ఇక్కడి లైబ్రరీలో ఒక గది కేటాయిస్తే బాగుంటుంది.

దరఖాస్తు పెట్టే పిల్లలకు ఒక్క మాట. బడ్జెట్‌లో కెమెరా, పెట్రోలు రాస్తారు సరే. కళ్లంలో తాలు ఏరే అమ్మను పక్కకు పిలిచి గంట కూర్చోబెడితే ఆవిడకు ఆ గంట కూలి పోతుంది. అదీ ఖర్చుల పద్దులో రాయండి.