లాసా నుంచి రోంగ్‌బుక్ దాకా: ఎత్తు కాపాడిన ఆరామాలు

టిబెట్ యాత్రను గురించిన ప్రచారపత్రాల్లో మంచుకొండలు ఒక ఆకర్షణగానూ, బంగారు పైకప్పుల బౌద్ధారామాలు మరొక ఆకర్షణగానూ కనిపిస్తాయి గానీ, లాసా నుంచి గ్యాంట్సే, షిగాట్సే, సాక్య మీదుగా ఎవరెస్టు ఉత్తర పాదం దాకా సాగే ప్రసిద్ధమైన దారిలో ఈ రెండింటినీ విడదీసి అర్థం చేసుకోవడం కష్టం. భారత భూఫలకం ఉత్తరానికి జరిగి ఆసియా ఫలకాన్ని ఢీకొనడం సుమారు ఐదు కోట్ల ఏళ్ల కిందట మొదలైంది; ఆ ఒత్తిడికి నేల ముడతలు పడి హిమాలయాలు లేవగా, వాటి వెనుక ఉన్న విశాలమైన భూభాగం సగటున 4,500 మీటర్లకు పైబడిన ఎత్తులో పీఠభూమిగా నిలిచింది. ఋతుపవనాలు మోసుకొచ్చే తేమలో అధికభాగం హిమాలయాల దక్షిణపు వాలులమీదే కురిసిపోతుంది కాబట్టి ఈ పీఠభూమి వర్షచ్ఛాయలో, అంటే కొండల చాటున వానకు దూరమైన ప్రాంతంలో ఉండిపోయింది. చెట్టు అరుదైన ఆ నేలమీద కట్టడాలూ, తిండీ, పూజాద్రవ్యాలూ, చివరికి యాత్రికుడి దినచర్యా ఎత్తును అనుసరించే ఏర్పడ్డాయి. భారతదేశంలో నశించిపోయిన ఎన్నో బౌద్ధ గ్రంథాలు అక్కడ మిగలడానికీ ఆ ఎత్తు తోడుతెచ్చిన చలి, పొడిగాలి ఒక ముఖ్య కారణం.

అనుమతులు, అలవాటు

విదేశీయులు టిబెట్‌లో స్వేచ్ఛగా తిరగడానికి వీలులేదు. చైనా వీసాకు తోడు టిబెట్ ప్రయాణానికి ప్రత్యేక అనుమతిపత్రం ఉండాలి. గుర్తింపు పొందిన యాత్రాసంస్థ ద్వారా, గైడు వెంట ఉండగానే, ముందే నిర్ణయమైన దారిలో వెళ్లాలి. సాధారణంగా ఫిబ్రవరి చివరి నుంచి మార్చి నెలంతా విదేశీయులను అనుమతించరు.

అంతకన్నా కఠినమైన నిబంధనను ప్రకృతే విధిస్తుంది. సముద్రమట్టానికి సుమారు 3,650 మీటర్ల ఎత్తున ఉన్న లాసాలో ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ మైదానంలో అందేదానిలో మూడింట రెండు వంతులకు మించదు. 5,000 మీటర్ల దగ్గర అది దాదాపు సగానికి పడిపోతుంది. తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం వంటి లక్షణాలు తొలి రోజుల్లో సామాన్యమే గానీ, వాటిని లెక్కచేయకుండా పైకి ఎక్కుతూ పోతే ఊపిరితిత్తుల్లోనో మెదడులోనో నీరు చేరి ప్రాణాపాయం కలగవచ్చు, అప్పుడు ఆలస్యం చేయకుండా కిందికి దిగడమే ప్రధాన చికిత్స. అందుకే అనుభవజ్ఞులు రూపొందించిన యాత్రలన్నీ మొదటి రెండు మూడు రోజులను లాసాకే కేటాయించి, శరీరాన్ని అలవాటుపడనిచ్చి, తర్వాతే కనుమల దారి పడతాయి.

ఈ ఎత్తును మొదట శాస్త్రీయంగా కొలిచినవారిలో కుమావూఁ ప్రాంతానికి చెందిన బడిపంతులు నైన్ సింగ్ రావత్ ఒకరు. బ్రిటిష్ సర్వే శాఖ తరఫున మారువేషంలో బయలుదేరి 1866లో లాసా చేరిన ఆయన, 108కి బదులు 100 పూసలున్న జపమాలతో అడుగులు లెక్కపెట్టి దూరాలను, నీరు మరిగే ఉష్ణోగ్రతను బట్టి ఎత్తులను నిర్ణయించాడు.

లాసా: కొండమీది కోట, ఆవరణలో వాదం

లాసా నగరానికి హృదయస్థానం జోఖాంగ్ ఆలయం. ఏడో శతాబ్దంలో రాజు సోంగ్‌ట్సెన్ గాంపో కట్టించినట్టు చెప్పే ఈ ఆలయంలో చైనా రాకుమారి వెన్‌చెంగ్ తెచ్చినదని భావించే శాక్యముని విగ్రహం ఉంది. దాని చుట్టూ ఉన్న బార్ఖోర్ వీధిలో భక్తులు మణిచక్రాలు, అంటే లోపల మంత్రాలు రాసిన కాగితపు చుట్టలున్న గొట్టాలు, తిప్పుతూ ప్రదక్షిణ చేస్తారు, సాష్టాంగపడుతూ సాగేవారూ ఉంటారు. ఐదవ దలైలామా 1645లో ప్రారంభించిన పొటాలా సౌధం నగరానికి ఎదురుగా ఎర్రకొండమీద నిలిచి ఉంది. ఆయన 1682లో మరణిస్తే, రాజప్రతినిధి సాంగ్యే గ్యాట్సో ఆ వార్తను సుమారు 15 ఏళ్లు దాచిపెట్టి, 1694 నాటికి ఎర్రసౌధాన్ని పూర్తిచేయించాడు.

ఈ భవనాల గోడలను దగ్గరగా గమనిస్తే నేలకూ కట్టడానికీ ఉన్న సంబంధం తెలుస్తుంది. మందమైన రాతిగోడలు కింద వెడల్పుగా ఉండి పైకి పోయేకొద్దీ సన్నగిల్లుతూ లోపలికి వాలి ఉంటాయి. పైకప్పు అంచున మెత్తటి ముదురెరుపు పట్టీలా కనిపించేది రాయి కాదు, రంగు పూతా కాదు. ఎండిన సన్నని పొదపుల్లలను కట్టలుగా కట్టి, కోసిన కొనలు బయటికి వచ్చేలా ఒత్తుగా పేర్చి, ఎర్రరంగు అద్దిన పొర అది. దీన్ని పెన్‌బే అంటారు. గోడ పైభాగపు బరువును తగ్గించే ఈ పొరను ఆరామాలకూ అత్యున్నత స్థాయి భవనాలకూ మాత్రమే వాడడం సంప్రదాయం కాబట్టి, దాన్ని చూసి కట్టడపు హోదాను గుర్తుపట్టవచ్చు.

నగర శివార్లలోని డ్రెపుంగ్ (1416), సెరా (1419) ఆరామాలు, కొంత దూరంలోని గాండెన్ (1409) కలిసి గెలుగ్ సంప్రదాయానికి మూడు మహాపీఠాలు. ఆచార్య సోంగ్‌ఖాపా నెలకొల్పిన ఈ శాఖకు చెందినవారే దలైలామాలు. కృష్ణాతీరంలోని ధాన్యకటకం, అంటే నేటి అమరావతి, పేరే డ్రెపుంగ్‌కు పెట్టారు. బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని ఉపదేశించింది ధాన్యకటకంలోనేనని టిబెటన్ల విశ్వాసం, 2006లో పద్నాలుగో దలైలామా కాలచక్ర దీక్షను అమరావతిలో నిర్వహించడానికి నేపథ్యం అదే.

సెరాలో మధ్యాహ్నం పూట ఆవరణలోని చెట్ల కింద జరిగే వాదాభ్యాసాన్ని చూడడానికి యాత్రికులు గుమిగూడతారు. సమాధానం చెప్పే భిక్షువు కింద కూర్చుంటాడు. ప్రశ్నించేవాడు నిలబడి, ప్రశ్న ముగిసే క్షణంలో కాలు నేలకు తాటించి, ఒక అరచేతిని రెండో అరచేతిమీద చరిచి, ఆ చేతిని ప్రత్యర్థి వైపు చాస్తాడు. చూసేవారికి పోట్లాటగా తోచే ఈ అభ్యాసానికి ఆధారం భారతీయ తర్కశాస్త్రం, ముఖ్యంగా ఏడో శతాబ్దపు ఆచార్యుడు ధర్మకీర్తి రచించిన ప్రమాణవార్తికం. శూన్యవాద చర్చకు మూలం ఆచార్య నాగార్జునుడి మాధ్యమిక దర్శనం. 1959లో దలైలామా భారతదేశానికి వచ్చేశాక ఈ మూడు పీఠాలూ కర్ణాటకలో తిరిగి వెలిశాయి. సెరా బైలకుప్పెలో, డ్రెపుంగ్, గాండెన్ ముండగోడులో ఉన్నాయి. టిబెట్‌లోని మూలపీఠాలు మాత్రం 1966లో మొదలైన సాంస్కృతిక విప్లవంలో తీవ్రంగా దెబ్బతిన్నాయి. గాండెన్ దాదాపు నేలమట్టమైంది, నేడు కనిపించే భవనాల్లో అధికభాగం ఆ తర్వాత కట్టినవే.

కనుమలు దాటి గ్యాంట్సే, షిగాట్సేలకు

లాసా నుంచి నైరుతిగా బయలుదేరిన దారి, అస్సాంలో బ్రహ్మపుత్రగా మారే యార్లుంగ్ సాంగ్‌పో నదిని దాటి, సుమారు 4,800 మీటర్ల ఎత్తున్న కాంబా లా కనుమకు చేరుతుంది; ‘లా’ అంటే కనుమ. అక్కడి నుంచి చూస్తే, గడ్డి తప్ప మరేమీ మొలవని గోధుమరంగు కొండల నడుమ యామ్‌డ్రోక్ సరస్సు పాయలు పాయలుగా పరచుకుని ఉంటుంది, వెలుతురు మారినకొద్దీ దాని నీలం రంగు కూడా మారుతుంది. కనుమల దగ్గర తాళ్లకు కట్టిన మంత్రపతాకాల్లోని నీలం, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, పసుపు రంగులు వరుసగా ఆకాశం, గాలి, నిప్పు, నీరు, భూమికి సంకేతాలు. గాలి వాటిని కదిలించినప్పుడు మంత్రఫలం నలుదిశలా చేరుతుందని నమ్మకం. తర్వాత వచ్చే కారో లా దగ్గర 7,191 మీటర్ల నోజిన్ కాంగ్‌సాంగ్ శిఖరపు హిమానీనదం దాదాపు రోడ్డు పక్కకే దిగివస్తుంది.

గ్యాంట్సేలో 1418లో వెలసిన పెల్‌కోర్ చోదే ఆరామానికి కీర్తి తెచ్చింది కుంబుం అనే స్తూపం. 1427లో నిర్మాణం ప్రారంభమైన ఈ కట్టడంలో అంతస్తు అంతస్తుకూ చిన్న గర్భగుళ్లున్నాయి. భక్తుడు ప్రదక్షిణగా తిరుగుతూ ఒక్కో గుడిలోని వర్ణచిత్రాలనూ విగ్రహాలనూ దర్శిస్తూ పైకి ఎక్కుతాడు, అంటే స్తూపం చుట్టూ తిరగడమే కాక దాని లోపలా తిరుగుతాడు. ఊరికి ఎగువన ఉన్న కోటను 1904లో యంగ్‌హస్బండ్ దండయాత్రలో బ్రిటిష్ సేన ఫిరంగులతో పట్టుకుంది.

అక్కడికి సుమారు 90 కిలోమీటర్ల దూరంలోని షిగాట్సేలో తాషిల్హున్‌పో ఆరామం ఉంది. 1447లో గెందున్ ద్రుప్ స్థాపించిన ఈ ఆరామం పంచెన్ లామాల పీఠం. 1914లో ప్రతిష్ఠించిన, సుమారు 26 మీటర్ల ఎత్తున్న మైత్రేయ బుద్ధుడి విగ్రహం ఇక్కడి ప్రధాన దర్శనం. మందిరంలో దీపాలకు పోసేది జడలబర్రె జాతి పాల నుంచి తీసిన వెన్న, భిక్షువులు తాగే ఉప్పు టీలో కలిపేదీ అదే. దాంతో పాటు తినే త్సాంపా వేయించిన బార్లీతో చేసిన పిండి, మన పేలపిండి వంటిది. ఈ ఎత్తులో నమ్మకంగా పండే ధాన్యం బార్లీయే.

షాలు, సాక్య: తాళపత్రాల అరలు

1200 ప్రాంతంలో విక్రమశిల వంటి మహావిహారాలు నాశనమైనప్పుడు పలువురు పండితులు గ్రంథాలతో సహా టిబెట్ చేరారు. భారతదేశపు తేమలో, చెదపురుగుల మధ్య తాళపత్రాన్ని తరతరాలుగా తిరగరాసుకుంటూ పోతే తప్ప గ్రంథం నిలవదు. చదివేవారే లేకపోయిన చోట తిరగరాసేవారెవరు? టిబెట్ చలిలో, పొడిగాలిలో అవే ఆకులు శతాబ్దాల పాటు చెక్కుచెదరలేదు. ‘ఓల్గా నుంచి గంగకు’ ద్వారా తెలుగు పాఠకులకు చిరపరిచితుడైన రాహుల్ సాంకృత్యాయన్ 1929 నుంచి 1938 వరకు నాలుగుసార్లు టిబెట్ వెళ్లి షాలు, సాక్య వంటి ఆరామాల్లో సంస్కృత ప్రతులను వెతికి పట్టుకున్నాడు. సెరాలో నేటికీ వాదానికి ఆధారమైన ప్రమాణవార్తికం మీది సంస్కృత వ్యాఖ్యానాలు వాటిలో ఉన్నాయి.

సాక్య ఆరామం 1073లో వెలసింది. నేడు నిలిచి ఉన్న దక్షిణ ఆరామాన్ని మంగోల్ చక్రవర్తి కుబ్లాయ్ ఖాన్ గురువైన ఫాగ్‌పా కాలంలో 1268లో కోటలా కట్టారు. మంజుశ్రీ, అవలోకితేశ్వరుడు, వజ్రపాణి అనే ముగ్గురు బోధిసత్త్వులకు గుర్తుగా ఈ ఊరి గోడలకు ఎరుపు, తెలుపు, నీలిబూడిద రంగు చారలు వేస్తారు. ప్రధాన మందిరంలో 2003లో గోడ వెనుక బయటపడిన చేతిరాత గ్రంథాలు దాదాపు 84 వేలని ప్రకటించారు.

చివరి మజిలీ

సాక్య దాటాక దారి 5,200 మీటర్లకు పైబడిన గ్యాట్సో లా మీదుగా ఎవరెస్టు వైపు మళ్లుతుంది. 1902లో వెలసిన రోంగ్‌బుక్ ఆరామం దాదాపు 5,000 మీటర్ల ఎత్తున ఉంది. 1920లలో ఉత్తరం నుంచి శిఖరారోహణకు ప్రయత్నించిన బ్రిటిష్ బృందాలు దీని మీదుగానే వెళ్లాయి. లోయ చివర 8,848.86 మీటర్ల శిఖరపు ఉత్తరముఖం అడ్డం లేకుండా ఎదురుగా కనిపిస్తుంది, అయితే ఏప్రిల్, మే నెలల్లోనూ, సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు వరకూ ఆ అవకాశం ఎక్కువ. జూలై, ఆగస్టుల్లో శిఖరం రోజుల తరబడి మబ్బుల్లోనే ఉండిపోవచ్చు.

రోజులు తక్కువైన యాత్రాపథకాల్లో ఎవరెస్టును ఉంచడం కోసం మొదట తొలగించేది షాలునూ సాక్యనూ, ఆ తర్వాత లాసాలోని విశ్రాంతి దినాలనూ. విశ్రాంతిని తగ్గిస్తే ఆరోగ్యం దెబ్బతింటుంది. సాక్యను వదిలితే, సెరాలో వినిపించిన వాదానికి మూలగ్రంథాలు ఎక్కడ భద్రంగా నిలిచాయో తెలియకుండానే యాత్ర ముగుస్తుంది. ఏదో ఒకటి వదులుకోక తప్పని పరిస్థితి వస్తే, వానాకాలంలో బయలుదేరేవారు శిఖరాన్ని వదులుకుని సాక్యను ఉంచుకోవడమే లాభం.