చనిపోయినవాళ్ళు ఎక్కడున్నారు? – పరలోకం గురించి మన అపోహలు



కొన్ని నెలల క్రితం ఇక్కడి మన తెలుగువాళ్ళ ఇంట్లో ఐదు రోజుల పసిపాప చనిపోయింది. పలకరించడానికి వెళ్ళాను. వచ్చినవాళ్ళంతా మంచి మనసుతోనే మాట్లాడారు. ఒకాయన "దేవుడికి ఇంకో దేవదూత కావలసి వచ్చిందమ్మా, అందుకే తీసుకున్నాడు" అన్నారు. ఒక పెద్దావిడ "బాప్తిస్మం అన్నా ఇప్పించారా తల్లీ?" అని అడిగారు. అందరూ వెళ్ళాక ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, "అక్కా, నా బిడ్డ ఎక్కడుంది?" అంది.

నాకు జవాబు చెప్పడం రాలేదు. నేను పాస్టరును కాను, సండే స్కూల్లో పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని. ఇంటికి వచ్చి బైబిలు తీసి కూర్చున్నాను. మనం ఎంతో నమ్మకంగా చెప్పే మాటల్లో కొన్ని అందులో లేనే లేవు.

మొదటిది దేవదూతల సంగతి. మనుషులు చనిపోయి దేవదూతలవుతారని బైబిలు ఎక్కడా చెప్పదు. దేవదూతలు వేరే సృష్టి, సేవ చేసే ఆత్మలు అంటుంది హెబ్రీ పత్రిక. మత్తయి సువార్త 22వ అధ్యాయంలో యేసు 'దూతల వలె' అన్నది, పునరుత్థానంలో పెళ్ళిళ్ళు ఉండవని చెప్పే సందర్భంలో. 'వలె' అన్నారు గానీ దూతలైపోతారని అనలేదు. పైగా, కొరత తీర్చుకోవడానికి పసిబిడ్డను లాక్కునే దేవుణ్ణి ఏ తల్లి ప్రేమించగలదు?

రెండోది బాప్తిస్మం. ఒంగోలు, నెల్లూరు వైపు బాప్టిస్టు సంఘాల్లో పసిపిల్లలకు అసలు బాప్తిస్మమే ఇవ్వరు. గుంటూరు లూథరన్లు ఇస్తారు. కతోలికులు జ్ఞానస్నానం ఇస్తారు. జ్ఞానస్నానం లేకుండా పోయిన పసివాళ్ళు 'లింబో' అనే చోట ఉంటారని మధ్యయుగాల పండితులు ఊహించారు. అది ఎన్నడూ కతోలిక సంఘపు విశ్వాససూత్రం కాలేదు. 1992 నాటి కతోలిక సత్యోపదేశ గ్రంథం అలాంటి పిల్లల్ని దేవుని కరుణకు అప్పగిస్తుంది. 2007లో పోప్ పదహారవ బెనెడిక్టు అనుమతితో వాటికన్ దైవశాస్త్ర సంఘం ఒక పత్రం ప్రచురించింది. ఆ పిల్లలు రక్షణ పొందుతారని ఆశించడానికి గట్టి కారణాలున్నాయని, అయితే అది ఆశే గానీ రూఢిగా తెలిసిన సంగతి కాదని అందులో ఉంది. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

మూడోది నరకం. నరకం అనగానే మన కళ్ళ ముందుకు వచ్చేది 1977లో వచ్చిన యమగోల సినిమా సెట్టింగే! యముడి సింహాసనం మీద సాతానును కూర్చోబెట్టేశాం. కానీ ప్రకటన గ్రంథం 20వ అధ్యాయంలో సాతాను అగ్నిగుండంలో పడేయబడేవాడు. వాడు అక్కడ శిక్ష పడినవాడే గానీ రాజు కాడు. అలాగే పరలోకపు గేటు దగ్గర పుస్తకం పట్టుకుని నిలబడే పేతురు కూడా జోకుల్లోనివాడే. మత్తయి సువార్తలో ఆయనకు తాళపు చెవులు ఇస్తానన్న మాట ఉంది, ఆ జోకులు పుట్టింది అందులోంచే. ప్రకటన 21వ అధ్యాయంలోని పట్టణానికి మాత్రం పన్నెండు గుమ్మాలు, వాటి దగ్గర పన్నెండుమంది దేవదూతలు. అపొస్తలుల పేర్లు ఉండేది పునాదుల మీద.

అన్నిటికన్నా పెద్ద అపోహ నాలుగోది. ఆత్మ పైకి వెళ్ళిపోయింది, ఇక కథ అయిపోయింది అనుకుంటాం. కానీ ప్రతి ఆదివారం విశ్వాస ప్రమాణంలో మనం ఒప్పుకునేది శరీర పునరుత్థానం. లేచిన యేసు దయ్యం కాదు, శిష్యుల ముందు కాల్చిన చేప తిన్నాడు. చివరికి మనం పైకి వెళ్ళడం కాదు, దేవుని పట్టణమే కిందికి దిగి వస్తుంది అంటుంది ప్రకటన గ్రంథం. అందాకా చనిపోయినవారు క్రీస్తు దగ్గర ఉంటారని ఎక్కువ సంఘాలు నమ్ముతాయి. తెలివి లేని నిద్రలో ఉంటారని సెవెంత్ డే అడ్వెంటిస్టులు నమ్ముతారు. మన కార్డుల మీద 'ప్రభువునందు నిద్రించారు' అని వేయిస్తాం. నిద్ర అంటే లేవడం ఉందనే కదా!

వారం తర్వాత మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళాను. రెండవ సమూయేలు 12వ అధ్యాయం చదివాను. దావీదు బిడ్డ ఏడో రోజున చనిపోయాడు.  అయినా తాను ఆ బిడ్డ దగ్గరికి వెళ్తానని దావీదు ధైర్యం తెచ్చుకున్నాడు. "ఇంతకు మించి నాకు తెలియదమ్మా" అన్నాను. ఆ అమ్మాయి చాలాసేపు ఏడ్చింది. తర్వాత పాపకు కుట్టిన గౌను తెచ్చి చూపించింది.

ఈసారి ఎవరింటికైనా పలకరించడానికి వెళ్తే, తెలియనిది చెప్పకండి. ఊరికే పక్కన కూర్చోండి, చాలు.

సెలవు.