గుట్టల్లో చేతి జీపీఎస్

కుప్పం ఉత్తర అక్షాంశం 12.75 డిగ్రీల దగ్గర ఉంది. డిగ్రీకి 60 నిమిషాలు కాబట్టి దాన్నే 12 డిగ్రీల 45 నిమిషాలు అని కూడా చెబుతారు. ఆ 45ను విని, జీపీఎస్‌లో 12.45 అని ఎక్కించారనుకోండి. బాణం గుర్తు దక్షిణాన 33 కిలోమీటర్ల అవతల తమిళనాడులో ఎక్కడో చోటు చూపిస్తుంది. అందుకే కొత్తగా కొన్నవాళ్లు అన్నిటికన్నా ముందు సెట్టింగుల్లో అంకెలు ఏ పద్ధతిలో ఉన్నాయో చూసుకోవాలి.

ఈ పరికరానికి ఫోన్ టవరుతో పని లేదు. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల్లో కనీసం నాలుగింటి సంకేతాలు అందితే మనమున్న చోటు లెక్కగడుతుంది. ఆరుబయట తేడా కొద్ది మీటర్లే. ఫోనూ ఈ పని చేస్తుంది, కాకపోతే మ్యాపు ముందే దించుకోవాలి. చేతి జీపీఎస్‌లో నాకు నచ్చేది ఎండలోనూ కనిపించే తెర, చాలా రకాల్లో అక్కడికక్కడే మార్చుకోగల పెన్సిల్ సెల్స్.

మదనపల్లె నుంచి హార్స్‌లీ హిల్స్ వైపు వెళ్లి, రోడ్డు వదిలి కాలిబాట పట్టేవాళ్లకు ఒక మాట. బండి ఆపిన చోటే రెండు నిమిషాలు నిలబడండి. ఉపగ్రహాలు అందాక ఆ చోటును గుర్తుపెట్టి, ట్రాక్ ఆన్ చేసి కదలండి. పెద్ద బండల పక్కన సంకేతం రాతికి తగిలి చుట్టు తిరిగి వస్తుంది. అప్పుడు తెరమీది చుక్క మీరు కదలకున్నా అటూ ఇటూ జరుగుతుంది. నాలుగడుగులు బయలులోకి వస్తే కుదురుకుంటుంది.

తిరుగు ప్రయాణంలో బాణాన్ని నమ్ముకుని అడ్డంగా పడొద్దు. అది గీత గీసినట్టు తిన్నగా చూపిస్తుంది. పుంగనూరు చుట్టుపక్కల చేలల్లో ఆ గీత మీద గట్టు లేని పాత బావి ఉండొచ్చు, గడ్డి కమ్మేసి ఉండొచ్చు. వచ్చిన ట్రాక్ మీదే వెనక్కి నడవండి.

కుప్పం, పలమనేరు వైపు కౌండిన్య అభయారణ్యం ఏనుగుల తావు. అటవీశాఖ అనుమతి లేకుండా అందులోకి అడుగు పెట్టకూడదు. ఏనుగుల మంద ఎటుందో ఏ తెరా చూపదు, అక్కడి సిబ్బందినే అడగాలి.

విదేశాల నుంచి బంధువులు కొనిచ్చే కొన్ని పరికరాలు ఉపగ్రహం ద్వారా సందేశాలు కూడా పంపుతాయి. వాటికి మన దేశంలో ముందుగా టెలికాం శాఖ అనుమతి ఉండాలి. లేకపోతే విమానాశ్రయంలోనే కేసు కావొచ్చు. కొనేముందే వాళ్లకు ఫోన్ చేసి చెప్పండి.