వలస కూలి కుటుంబాలకు ఉచిత వైద్యం

నాచారం పారిశ్రామికవాడలో పని చేసేవారికి అక్కడి ఇ.ఎస్.ఐ. ఆసుపత్రిని గురించి వేరే చెప్పనక్కరలేదు. అయితే మహబూబ్‌నగర్ వంటి మెట్ట ప్రాంతాలలో వానలు తప్పినప్పుడు పొలం పనులు విడిచి, మేస్త్రీ వెంట నగరానికి వచ్చిన కుటుంబాలకు సాధారణంగా ఆ వైద్యం అందదు. ఇందుకు కారణం ఆ పథకపు నిర్మాణంలోనే ఉన్నది.

1948 నాటి ఉద్యోగుల రాజ్య బీమా చట్టం 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీ నగరాలలో మొదట అమలులోకి వచ్చినది. కార్మికుడు కొంత, యజమాని కొంత చెల్లించడం దాని పద్ధతి. 2019 జులైలో కార్మికుని వంతును జీతంలో నూటికి 75 పైసలుగా, యజమాని వంతును 3 రూపాయల 25 పైసలుగా నిర్ణయించారు. దీనికి స్థిరమైన యజమాని ఉండాలి. హాజరు పట్టీలో పేరుండాలి. నేడొకరి చేనిలో, రేపొకరి చేనిలో నాటు వేసే మనిషికి యజమాని ఎవరు?

వ్యాధి మాత్రం పట్టీలో పేరున్నదా అని అడగదు. ఉప్పల్ ప్రాంతంలో మూసీ ఒడ్డున మురుగునీటితో పశుగ్రాసం పండించారు. మలంతో కలుషితమైన తడినేలపై చెప్పులు లేకుండా నడిస్తే కొంకిపురుగు పిల్లలు అరికాలి చర్మం గుండా లోపలికి పోతాయి. పేగులకు చేరి రక్తాన్ని పీలుస్తాయి. ఆయాసం, నీరసం కలుగుతాయి. “ఎండదెబ్బ” అని కూలి మనిషి ఊరుకుంటాడు. నిజానికి పురుగుల మాత్ర, కొంతకాలం ఇనుము మాత్రలు చాలు.

ఇటువంటివారికి దగ్గరి దారి బస్తీ దవాఖానా. హైదరాబాదులో ఇవి 2018 ఏప్రిల్‌లో ప్రారంభమైనవి. వైద్యుని సలహా, సాధారణ మందులు ఉచితం. రక్త నమూనాను ప్రయోగశాలకు పంపి పరీక్ష చేయిస్తారు. అయితే ఇవి నడిచేది పగటి వేళ. మందుకు వెళ్తే ఆనాటి కూలి పోతుంది! సాయంకాలం వైద్యుడుంటే ఎంతమందికి మేలో! మీ వీధిలో ఇల్లు కట్టే కూలీలకు దవాఖానా ఎక్కడున్నదో తెలియకపోవచ్చు. ఒక్క మాట చెప్పండి.

మరొక చిక్కు, పని ముగియగానే మకాం మారడం. క్షయకు మామూలుగా కనీసం ఆరు మాసాల చికిత్స కావాలి. రెండు మాసాలకే దగ్గు తగ్గినదని మానితే, మిగిలిన క్రిములు మందుకు లొంగనివిగా మారవచ్చును. బయలుదేరే ముందే ఆరోగ్య కార్యకర్తకు చెబితే, రోగి నమోదు సంఖ్యను బట్టి కొత్త ఊరిలో మందులు సాగుతాయి. పసిపిల్లల టీకాలూ అంతే. ఆరవ, పదవ, పద్నాలుగవ వారాల టీకాలు సొంత ఊరిలోనే వేయించాలన్న నియమం లేదు. తల్లీబిడ్డల రక్షణ కార్డును మూటలో భద్రపరచుకుని, చేరిన చోట చూపితే చాలు. కార్డు పోయినా బిడ్డను తీసుకువెళ్ళవలసినదే.