'రైట్' అను ఆంగ్ల క్రియ : పుట్టుక, అర్థము, వాడుక

బడిలో తొలుతనే నేర్చియు, పట్టా పుచ్చుకొను నాటికి కూడ మన విద్యార్థులు తడబడు ఆంగ్ల క్రియ ఒకటి కలదు. అది 'రైట్', అనగా వ్రాయుట. పరీక్ష ముగిసిన పిదప తెలుగు మాధ్యమపు విద్యార్థి "ఐ రోట్ ది ఎగ్జామ్" అనును. ఉర్దూ మాధ్యమపు విద్యార్థి "ఐ గేవ్ ది ఎగ్జామ్" అనును. ఇరువురిని చూచియు నవ్వువారు కలరు. ఆ నవ్వు ఎంతవరకు న్యాయమో తేల్చుటకు ముందు ఈ క్రియ చరిత్రను కొంత తెలిసికొందము.

ప్రాచీనాంగ్లమున దీని రూపము 'వ్రీటన్'. మూలార్థము గీరుట, చెక్కుట. జర్మను భాషలో దీనికి తోబుట్టువైన 'రైసెన్' నేటికిని చించుట అను అర్థము నిచ్చును. పూర్వము జర్మానిక్ జాతులవారు రూనిక్ లిపిని కొయ్యపై, రాతిపై, ఎముకపై గీచెడివారు. తరువాత కలము, సిరా వచ్చినవి గాని మాట మారలేదు. సంస్కృతమున 'లిఖ్' ధాతువునకును గీరుటయే తొలి అర్థము. ఉర్దూలోని 'లిఖ్‌నా' దాని సంతానమే. మన పెద్దలు తాటియాకుపై గంటముతో గీచి, ఆ గీతలలో మసి పులిమి అక్షరములు కనబడునట్లు చేసెడివారు. ఫారసీ త్రోవ వేరు. 'నవిష్తన్' అను క్రియ రంగు వేయుట, అలంకరించుట అను అర్థముగల ధాతువునుండి వచ్చినది. ఖుష్‌నవీసుల చేతివ్రాతను చూచినవారికి ఇది వింతగా తోచదు. తెలుగున 'చిత్రము వ్రాయుట' అనుటయు కలదు గదా!

ఇక వర్ణక్రమము. పలుకని 'డబ్ల్యూ' అక్షరము మొదట ఎందుకని విద్యార్థులు అడుగుదురు. పూర్వము దానిని పలికెడివారు. సుమారు 17వ శతాబ్దము నాటికి ఆ ధ్వని ప్రామాణికాంగ్లమున అణగిపోయినది. ఇంగ్లండులో కాక్స్‌టన్ అచ్చుయంత్రము నెలకొల్పినది 1476లో. అచ్చులో స్థిరపడిన అక్షరము మాత్రము కదలలేదు. మన 'వ్రాయు'ను గమనింపుడు. నోట 'రాయు' అందుము. గ్రంథమున వకారమును నిలుపుకొందుము. ఇన్నివేల మైళ్ల దూరమున రెండు భాషలు ఒకే పని చేసినవి!

'రైటింగ్'లో 'టి' ఒకటి, 'రిటెన్'లో రెండు. 'రై' అని సాగినచోట ఒకటి, 'రి' అని పొట్టిగా పలికినచోట రెండు అని గుర్తుంచుకొనిన చాలును. 'హావ్' తరువాత 'రోట్' రాదు, 'రిటెన్' వచ్చును. ప్రతి సంవత్సరము జవాబుపత్రములలో మేము ఎర్రసిరాతో దిద్దుచున్నది ముఖ్యముగా ఈ రెంటినే.

పరీక్ష మాటకు వత్తము. బ్రిటనులో పరీక్షకు 'సిట్' అనియు 'టేక్' అనియు వాడుదురు. అయితే కెనడాలో, దక్షిణాఫ్రికాలో పరీక్షను 'రైట్' చేయుటయే వాడుక. కావున మన తెలుగు విద్యార్థిది తప్పనుట తగదు. ఉర్దూ విద్యార్థి 'ఇమ్తిహాన్ దేనా'ను యథాతథముగా దింపినాడు. మన దేశమున అది అందరికిని అర్థమగును. విదేశీయునకు మాత్రము అతడే పరీక్ష పెట్టిన అధ్యాపకుడని తోచవచ్చును! ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టునపుడు ఇరువురును 'టేక్' అని వాడుట క్షేమము. నవ్వినవారు కెనడా సంగతి తెలిసికొనుట మేలు.

'రైట్ ఆఫ్' విషయమున మరింత జాగ్రత్త వలయును. బ్యాంకు ఒక అప్పును 'రైట్ ఆఫ్' చేసినదనగా, తన ఆస్తుల పద్దులనుండి తొలగించినదని అర్థము. బాకీదారు ఋణము తీరినదని కాదు. వసూలు ప్రయత్నము సాగుచునే యుండవచ్చును. దీనిని ఋణమాఫీ అని అనువదించిన రైతును, పాఠకుని తప్పుదారి పట్టించినట్లే.

హైకోర్టులలో 226వ అధికరణము క్రింద వేయు 'రిట్' కూడ ఈ కుటుంబములోనిదే. వ్రాతమూలకమైన ఆజ్ఞ అని దాని భావము. నాటకకర్తను తెలుపు 'ప్లేరైట్' మాత్రము ఈ ఇంటిది కాదు. అందలి 'రైట్' అనగా పనివాడు. ఓడలు కట్టువాడు 'షిప్‌రైట్', చక్రములు చేయువాడు 'వీల్‌రైట్' అయినట్లే, నాటకమును కట్టువాడు 'ప్లేరైట్' అయినాడు.