ఆ తలతోనే కీర్తి... ఆ తలతోనే అపకీర్తి!

మరో పది నిమిషాలు ఓపిక పడితే చాలు. గెలిస్తే ప్రపంచకప్‌ను ముద్దాడి రిటైరయ్యేవాడు. ఓడినా స్టేడియం మొత్తం లేచి నిలబడి చప్పట్లతో సాగనంపేది. ఆ రెండూ కాకుండా, తలదించుకుని ఒంటరిగా మైదానం వీడాడు... సాకర్ మాంత్రికుడు జినెదిన్ జిదాన్. ఎందుకలా జరిగింది?

2006 జులై 9. బెర్లిన్ ఒలింపిక్ స్టేడియం. ఇటలీతో ఫ్రాన్స్ ఫైనల్. ఫ్రాన్స్ కెప్టెన్ జిదాన్‌కు అది దేశం తరఫున 108వ మ్యాచ్. ప్రపంచకప్ అవగానే ఆటకు గుడ్‌బై చెబుతానని ముందే ప్రకటించాడు. అంటే గెలిచినా ఓడినా అదే ఆఖరి ఆట.

ఏడో నిమిషంలోనే ఫ్రాన్స్‌కు పెనాల్టీ. ఎదురుగా నిలబడింది ప్రపంచంలోనే మేటి గోల్‌కీపర్లలో ఒకడైన బఫన్. ఇంకొకరైతే బలంగా తన్నేవారు. జిదాన్ బంతిని మెల్లగా, గాల్లోకి లేపినట్లు కొట్టాడు. అది పైనున్న కడ్డీకి తగిలి, గీత లోపల పడి, మళ్లీ బయటికొచ్చింది. గోల్! ప్రపంచకప్ ఫైనల్లో అలాంటి సాహసం చేయాలంటే ఎంత గుండె నిబ్బరం కావాలి! పన్నెండు నిమిషాల తర్వాత ఇటలీ డిఫెండర్ మార్కో మెటెరాజీ హెడర్‌తో స్కోరు సమం చేశాడు. ఆట అదనపు సమయంలోకి వెళ్లింది. 104వ నిమిషంలో జిదాన్ కొట్టిన హెడర్‌ను బఫన్ ఒక్కచేత్తో పైకి తోసేశాడు. అది గోల్ అయి ఉంటే ఈ కథ మరోలా ఉండేది.

సరిగ్గా ఆరు నిమిషాల తర్వాత...

రెచ్చగొట్టిన మాట

మెటెరాజీ జిదాన్ చొక్కా పట్టి లాగాడు. 'నా చొక్కా అంత కావాలంటే మ్యాచ్ అయ్యాక ఇస్తాలే' అన్నాడు జిదాన్. బదులుగా మెటెరాజీ అతని సోదరి గురించి అసభ్యంగా మాట్లాడాడు. ఆ సంగతి తర్వాత మెటెరాజీయే ఒప్పుకున్నాడు. నాలుగడుగులు ముందుకెళ్లిన జిదాన్ గిరుక్కున వెనక్కి తిరిగాడు. వచ్చి, తలతో మెటెరాజీ ఛాతీమీద బలంగా కుమ్మాడు. రిఫరీ ఎలిజోండో దాన్ని చూడలేదు. నాలుగో అధికారి చెప్పాక ఎర్రకార్డు తీశాడు. మైదానం బయట బల్లమీద ప్రపంచకప్ తళతళలాడుతోంది. దాని పక్కనుంచే నడుచుకుంటూ లోపలికెళ్లిపోయాడు జిదాన్. ఆ ఫొటోను సాకర్ అభిమానులెవరూ మర్చిపోలేరు.

షూటౌట్‌లో ఇటలీ 5-3తో గెలిచింది. ఫ్రాన్స్ ఆటగాడు ట్రెజెగె కొట్టిన బంతి కడ్డీకి తగిలి వెనక్కొచ్చింది. మెటెరాజీ మాత్రం తన వంతు గోల్ కొట్టాడు. పెనాల్టీల్లో చేయి తిరిగిన జిదాన్ అప్పటికే డ్రెస్సింగ్‌రూమ్‌లో ఉన్నాడు.

మురికివాడ నుంచి మాడ్రిడ్ దాకా

జిదాన్ తల్లిదండ్రులది అల్జీరియా. ఫ్రాన్స్‌కు వలస వచ్చారు. తండ్రి కాపలాదారుగా పనిచేశాడు. అయిదుగురు పిల్లల్లో ఆఖరివాడైన జిదాన్ 1972లో మార్సెయ్‌లో పుట్టాడు. లా కాస్టెల్లాన్ అనే పేదల కాలనీలో, కాంక్రీటు నేలమీద ఆడుతూ పెరిగాడు. కేన్, బోర్డో, యువెంటస్ క్లబ్బుల మీదుగా 2001లో రియల్ మాడ్రిడ్ చేరాడు. అందుకు ఆ క్లబ్ చెల్లించిన ఏడు కోట్ల యూరోలకు పైగా సొమ్ము అప్పటికి ప్రపంచ రికార్డు. మూడుసార్లు 'ఫిఫా' మేటి ఆటగాడిగా ఎంపికయ్యాడు.

1998 ప్రపంచకప్ ఫైనల్లో బ్రెజిల్‌ను 3-0తో ఓడించి ఫ్రాన్స్ తొలిసారి కప్పు గెలిచింది. అందులో రెండు గోల్స్ జిదాన్‌వే. రెండూ తలతో కొట్టినవే! వలస కుటుంబం కుర్రాడి బొమ్మను ఆ రాత్రి పారిస్‌లోని విజయ తోరణం మీద వెలుగులతో చూపించి జనం సంబరాలు చేసుకున్నారు.

కానీ అదే ప్రపంచకప్‌లో సౌదీ అరేబియా ఆటగాణ్ని కాలితో తొక్కి ఎర్రకార్డు తిన్నాడు. రెండు మ్యాచ్‌లకు దూరమయ్యాడు. 2000లో యువెంటస్‌కు ఆడుతూ జర్మనీ క్లబ్ ఆటగాణ్ని తలతోనే కొట్టి అయిదు మ్యాచ్‌ల నిషేధం తెచ్చుకున్నాడు. బెర్లిన్‌లో బయటపడిన కోపం ఆ రోజు పుట్టింది కాదు. బంతి ఎంత వేగంగా వచ్చినా కాలిమీద పూవులా ఆపగల మనిషి, ఒక మాట తగిలితే మాత్రం తనను తాను ఆపుకోలేకపోయేవాడు.

క్షమాపణ సగమే

మూడ్రోజుల తర్వాత టీవీలో మాట్లాడిన జిదాన్, మ్యాచ్ చూసిన పిల్లలకు క్షమాపణ చెప్పాడు. చేసినదానికి మాత్రం పశ్చాత్తాపపడనన్నాడు. అలా పడితే మెటెరాజీ అన్నమాట సరైనదే అని ఒప్పుకున్నట్లవుతుందన్నది అతని వాదన. 'ఫిఫా' ఇద్దరికీ శిక్ష వేసింది. జిదాన్‌కు మూడు మ్యాచ్‌ల నిషేధం, మెటెరాజీకి రెండు, దాంతోపాటు జరిమానాలు. అప్పటికే రిటైరైన జిదాన్ నిషేధానికి బదులు మూడ్రోజులు సమాజసేవ చేశాడు. విచిత్రం ఏంటంటే, ఆ టోర్నీలో ఉత్తమ ఆటగాడికిచ్చే గోల్డెన్ బాల్ దక్కిందీ అతనికే.

అభిమానులు అతణ్ని వదులుకోలేదు. కోచ్‌గా తిరిగొచ్చి రియల్ మాడ్రిడ్‌కు 2016, 2017, 2018ల్లో వరసగా మూడు ఛాంపియన్స్ లీగ్‌లు గెలిపించాడు. అయినా ఆ మచ్చ చెరిగిపోలేదు. అల్జీరియాలో పుట్టిన శిల్పి అదెల్ అబ్దెస్సెమెద్ ఆ తలపోటు దృశ్యాన్నే అయిదు మీటర్లకు పైగా ఎత్తున కంచులో పోతపోశాడు. 2012లో పారిస్‌లో దాన్ని ప్రదర్శించారు. మరుసటి ఏడాది ఖతార్‌లోని దోహా సముద్రతీరంలో నిలబెడితే, అభ్యంతరాలు రావడంతో కొన్ని వారాలకే తీసేశారు.

ఎంత గొప్ప ఆటగాడికైనా ఓటమి సహజం. అది మనసును కొన్నాళ్లే బాధిస్తుంది. జిదాన్ ఆ రోజు పోగొట్టుకుంది కప్పు ఒక్కటే కాదు... చేతులూపుతూ, జనం చప్పట్ల మధ్య చివరిసారి మైదానం దాటే ఆ కొద్ది నిమిషాలు కూడా. తర్వాత ఎన్ని కప్పులు గెలిపించినా అవి మళ్లీ రాలేదు.